నాన్-లీగ్ నుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఒకే క్లబ్‌తో: పెల్లీ రడక్ ఎంపాంజు కెరీర్ మీద చర్చ

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:

మన ఫుట్‌బాల్ విభాగంలో మెస్సీ, రొనాల్డో పంచాయితీ తప్ప ఇంకోటి కనిపించడం లేదు. అందుకే మనలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక మిడ్‌ఫీల్డర్ గురించి ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

పెల్లీ రడక్ ఎంపాంజు. 1994లో పుట్టిన లండన్ కుర్రాడు. బోరమ్ వుడ్ అనే చిన్న క్లబ్ నుంచి 2011లో వెస్ట్‌హామ్ తీసుకుంది. అక్కడ పెద్ద జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు. 2013 నవంబరులో లూటన్ టౌన్‌కి లోన్ మీద, అంటే తాత్కాలికంగా, వచ్చాడు, 2014 జనవరిలో అక్కడే ఉండిపోయాడు. వయసు 19. అప్పటికి లూటన్ ఐదో అంచెలో, అంటే కాన్ఫరెన్స్ ప్రీమియర్‌లో ఆడుతోంది. ఒకప్పుడు 1988లో ఆర్సెనల్‌ని 3-2తో ఓడించి లీగ్ కప్ గెలిచిన క్లబ్ అది.

ఆ తర్వాత లెక్క చూడండి. 2014లో లీగ్ టూకి, 2018లో లీగ్ వన్‌కి, 2019లో ఛాంపియన్‌షిప్‌కి, 2023లో ప్రీమియర్ లీగ్‌కి. నాలుగు ప్రమోషన్లు, నాలుగింట్లోనూ అతనున్నాడు. నాన్-లీగ్ నుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఒకే క్లబ్‌తో ఎక్కిన మొదటి ఆటగాడు అతనే.

పత్రికల్లో దీన్ని విధేయత కథగా రాస్తారు. నాకు అందులో సగమే ఒప్పుదల. క్లబ్ ఒక అంచె ఎక్కగానే మేనేజర్ చేసే మొదటి పని పాత మిడ్‌ఫీల్డర్లని మార్చడం. లూటన్ కూడా ప్రతిసారీ కొత్తవాళ్లని తెచ్చింది. వాళ్లందరి మధ్యా పదేళ్లు చోటు నిలుపుకున్నాడంటే ఆటలో ఏదో ఉండాలి కదా? అదేమిటో మాట్లాడుకుందాం.

గచ్చిబౌలి_గోలీ:

మాస్టారూ, నేను ప్రీమియర్ లీగ్ తప్ప ఏదీ చూడను. ఐదో అంచె అంటే ఏంటి, నాన్-లీగ్ అంటే ఏంటి, కొంచెం చెప్పరా? లీగ్‌లో ఆడుతూ నాన్-లీగ్ ఏంటో!

లెక్కల_రాయుడు:

గోలీ తమ్ముడూ, పై నుంచి చెప్తా. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. మొత్తం 92. ఈ 92లో లేనివన్నీ నాన్-లీగ్ కిందే లెక్క. వాటిలో అన్నిటికన్నా పైది ఇప్పటి నేషనల్ లీగ్, అప్పట్లో దాని పేరు కాన్ఫరెన్స్. 1986-87 సీజన్‌కి ముందు అక్కడ మొదటి స్థానం వచ్చినా పైకి వెళ్తారన్న గ్యారంటీ లేదు, లీగ్ క్లబ్‌లు ఓట్లేసి చేర్చుకోవాలి. ఇప్పుడు ఛాంపియన్ నేరుగా వెళ్తాడు, ఇంకొకరు ప్లే-ఆఫ్‌లో, అంటే తర్వాతి స్థానాల జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలో, గెలిచి వెళ్తారు. పై నాలుగు డివిజన్లకీ దీనికీ మధ్య ఉన్న తలుపు అంత ఇరుకు. ఒకసారి కింద పడితే పైకి రావడానికి ఏళ్లు పడుతుంది, కొన్ని క్లబ్‌లు అసలు రావు.

లూటన్ ఎలా పడిందో తెలిస్తే కడుపు మండుతుంది. 2007, 2008, 2009, వరసగా మూడేళ్లు మూడు రెలిగేషన్లు, అంటే మూడుసార్లు కింది అంచెకి దిగడం. మూడోది చూడండి: 2008-09 సీజన్ మొదలవకముందే 30 పాయింట్లు కోసేశారు. ఏజెంట్లకి డబ్బు చెల్లింపుల్లో అవకతవకల వల్ల ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) 10, దివాలా నుంచి బయటపడిన పద్ధతి నియమాలకి విరుద్ధమని ఫుట్‌బాల్ లీగ్ 20. తప్పు చేసింది పాత యాజమాన్యం, శిక్ష పడింది అభిమానులు కూడగట్టుకుని నిలబెట్టిన కొత్త యాజమాన్యానికి. తమాషా ఏంటంటే అదే సీజన్‌లో వెంబ్లీలో స్కంథార్ప్‌ని 3-2తో ఓడించి ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ గెలిచారు. కప్పు చేతిలో పట్టుకుని ఐదో అంచెకి దిగారు.

దిగాక ఐదు సీజన్లు అక్కడే. 2011 ప్లే-ఆఫ్ ఫైనల్లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. 2012లో యార్క్ చేతిలో 2-1. 2013లో ఎఫ్‌ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ జట్టు నార్విచ్‌ని వాళ్ల గడ్డ మీదే కొట్టారు, లీగ్‌లో మాత్రం మళ్లీ అక్కడే. మన ఎంపాంజు వచ్చింది ఆ ఐదో సీజన్‌లో.

లూటన్‌లో_తెలుగోడు:

ఈ థ్రెడ్ కోసమే లాగిన్ అయ్యా. నేనుండేది లూటన్‌లోనే, ఉద్యోగం లండన్‌లో. ఇక్కడ అద్దెలు కొంచెం తక్కువని వచ్చిన మనవాళ్లలో నేనొకణ్ని.

స్టేడియం పేరు కెనిల్‌వర్త్ రోడ్. బరీ పార్క్ అనే పేటలో ఉంటుంది. చుట్టూ పాకిస్తానీ, బంగ్లాదేశీ, కశ్మీరీ కుటుంబాలు, మసీదులు, స్వీట్ షాపులు, చీరల కొట్లు. ఆ సందుల్లోంచి నడుస్తూ ఉంటే స్టేడియం ఎక్కడుందో తెలీదు. ఓక్ రోడ్ వైపు గేటు మరీ విడ్డూరం: వరసగా ఉన్న ఇళ్ల మధ్యలో, ఒక ఇంటి కింద భాగం తీసేసినట్టు, అక్కడ టర్న్‌స్టైల్ (తిరిగే గేటు). లోపలికెళ్లి మెట్లెక్కుతుంటే కింద జనాల పెరళ్లు, తీగల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ప్రత్యర్థి జట్టు అభిమానులు రావలసింది ఆ దారినే. ప్రీమియర్ లీగ్ వచ్చిన ఏడాది మాంచెస్టర్, లివర్‌పూల్ నుంచి వచ్చినవాళ్లు ఆ గేటు ముందు ఫొటోలు దిగుతూ ఉండేవాళ్లు.

సామర్థ్యం అప్పటికి పదివేలు చిల్లర. ప్రమోషన్ వచ్చాక టీవీ కెమెరాలకీ లైట్లకీ నియమాల ప్రకారం ఏర్పాట్లు చేయడానికి ఒక వైపు స్టాండ్‌ని ఆ వేసవిలోనే కూల్చి కట్టారు. అది పూర్తికాక మొదటి హోమ్ మ్యాచ్ వాయిదా పడింది కూడా.

ఎంపాంజు గురించి ఇక్కడ ఎవర్నైనా అడగండి, పూర్తి పేరు చెప్పరు. పెల్లీ అంటారంతే.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

అందరూ మరీ మునగచెట్టు ఎక్కిస్తున్నారు. నేనో మాట అంటా, తిట్టుకోకండి.

ఎక్కింది క్లబ్. అతను ఆ క్లబ్‌లో ఉన్నాడు. అంతే కదా? నిజంగా అంత గొప్ప మిడ్‌ఫీల్డర్ అయితే లీగ్ టూలో ఉండగానే ఎవరో ఒకరు ఎగరేసుకుపోయేవాళ్లు. అదే లూటన్ నుంచి జేమ్స్ జస్టిన్‌ని 2019లో లెస్టర్ కొనుక్కుంది, జాక్ స్టేసీని బోర్న్‌మత్ కొనుక్కుంది. ఇద్దరూ ఫుల్‌బ్యాక్‌లే, అంటే వెనక అంచుల్లో ఆడే డిఫెండర్లు. మన హీరో కోసం అలా ఎవరూ డబ్బు సంచీ పట్టుకుని రాలేదు. చివరికి ప్రీమియర్ లీగ్ వచ్చాక ఏమైంది? రాస్ బార్క్లీని తెచ్చుకున్నారు, ఆర్సెనల్ నుంచి సాంబీ లొకోంగాని లోన్ మీద తెచ్చుకున్నారు. ఎంపాంజు బెంచీ మీదకి జరిగాడు. రికార్డు బావుంది, కాదనను. కానీ రికార్డూ ఆటా ఒకటి కావు.

విశాఖ_వింగర్:

అప్పారావు వచ్చాడు, థ్రెడ్‌కి కళ వచ్చింది 😄

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:

అప్పారావు గారూ, మీరు చెప్పిన జస్టిన్, స్టేసీ పేర్లతోనే జవాబు చెప్తా.

2017 నుంచి 2019 దాకా నేథన్ జోన్స్ కింద లూటన్ ఆడింది డైమండ్ మిడ్‌ఫీల్డ్. నలుగురు మిడ్‌ఫీల్డర్లూ లోపలే. అడుగున ఒకడు, కుడి ఎడమలు ఇద్దరు, ముందు ఒకడు. గీత పట్టుకుని ఆడే వింగర్ ఉండడు. మరి మైదానం వెడల్పు ఎవరు వాడాలి? ఫుల్‌బ్యాక్‌లు. కుడి నుంచి స్టేసీ, ఎడమ నుంచి జస్టిన్, మ్యాచ్ అంతా పైకి పరుగు. చూసేవాడి కంటికి, కొనేవాడి నోట్‌బుక్‌కి వాళ్లే కనిపిస్తారు.

వాళ్లు పైకి వెళ్లినప్పుడు వెనక ఖాళీ అయ్యే చోటు సంగతేంటి? కుడి వైపు ఆ ఖాళీ ఎంపాంజుది. బంతి పోగానే అడ్డంగా పరిగెత్తి ఫుల్‌బ్యాక్ చోటు కాయాలి, బంతి దొరకగానే దాన్ని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఇద్దర్ని తోసుకుంటూ 30 గజాలు ముందుకి మోయాలి. ఒంట్లో బలం, అలుపెరగని ఊపిరి, రెండూ కావాలి. ఆ పని చేసేవాడు లేకపోతే స్టేసీ సగం మ్యాచ్ తన పెనాల్టీ బాక్స్ దగ్గరే గడిపేవాడు, బోర్న్‌మత్ వచ్చేదే కాదు.

ఇంకో సంగతి. లీగ్‌లో ఒక్కో అంచెకి ఆట మారిపోతుంది. కాన్ఫరెన్స్‌లో మేనేజర్ జాన్ స్టిల్ జట్టుకి కావలసింది రెండో బంతి (గాల్లో పోటీపడ్డాక చెదిరి పడే బంతి) గెలవడం, పరుగు. ఈ స్టిల్ కూడా మామూలోడు కాదు: మెయిడ్‌స్టోన్, డాగెన్‌హామ్ అండ్ రెడ్‌బ్రిడ్జ్, లూటన్, మూడు వేరువేరు క్లబ్‌లని నాన్-లీగ్ నుంచి లీగ్‌లోకి ఎక్కించాడు. జోన్స్ దగ్గర డైమండ్. రాబ్ ఎడ్వర్డ్స్ వచ్చాక వెనక ముగ్గురు, మధ్యలో మార్వెలస్ నకాంబా కాపలా, పక్కన ఎంపాంజు ప్రెస్సింగ్, అంటే బంతి ఉన్నవాడి మీదకి దూసుకెళ్లడం. పేరుకి అన్నీ మిడ్‌ఫీల్డే. ఉద్యోగాలు మాత్రం వేరు. అడిగిన ప్రతి మేనేజర్‌కీ ఆ ఉద్యోగం చేసి పెట్టాడు. అదే ఆట అంటాను నేను.

లెక్కల_రాయుడు:

పైగా దారి మాస్టారు చెప్పినంత నున్నగా లేదు. 2017 లీగ్ టూ ప్లే-ఆఫ్ సెమీస్‌లో బ్లాక్‌పూల్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 6-5తో ఓటమి, అదీ ఆఖరి నిమిషాల్లో సొంత గోల్‌కీపర్‌కి తగిలి లోపలికి పోయిన బంతితో. 2019 జనవరిలో లీగ్ వన్ టైటిల్ రేసు మధ్యలో జోన్స్ స్టోక్‌కి వెళ్లిపోయాడు. అప్పుడు క్లబ్ పాత స్ట్రైకర్ మిక్ హార్‌ఫర్డ్ తాత్కాలికంగా కుర్చీ ఎక్కి టైటిల్ గెలిపించాడు.

2020లో ఛాంపియన్‌షిప్‌లో దాదాపు మునిగారు. కోవిడ్ విరామంలో మేనేజర్ గ్రేమ్ జోన్స్ వెళ్లిపోతే, తిట్లు తింటూ వెళ్లిన నేథన్ జోన్సే మళ్లీ వచ్చాడు. ఆఖరి రోజు బ్లాక్‌బర్న్‌ని 3-2తో ఓడించి బయటపడ్డారు. ఆ రోజు ఓడిపోయి ఉంటే ఈ థ్రెడ్ లేదు.

2022లో ఆరో స్థానం, ప్లే-ఆఫ్ సెమీస్‌లో హడర్స్‌ఫీల్డ్ చేతిలో ఓటమి. ఆ నవంబరులో జోన్స్ రెండోసారి వెళ్లిపోయాడు, ఈసారి ప్రీమియర్ లీగ్‌లో ఉన్న సౌతాంప్టన్‌కి. మే వచ్చేసరికి సౌతాంప్టన్ కిందకి దిగింది, లూటన్ పైకి ఎక్కింది. జోన్స్‌ని అప్పటికే ఫిబ్రవరిలో పీకేశారు. ఇలాంటివి సినిమాలో పెడితే అతి అంటారు.

లూటన్‌లో_తెలుగోడు:

రాయుడు గారు ఒకటి వదిలేశారు. జోన్స్ స్థానంలో వచ్చిన రాబ్ ఎడ్వర్డ్స్ ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? వాట్‌ఫర్డ్ నుంచి! మాకు బద్ధ శత్రువులు వాళ్లు. సెప్టెంబరులో వాళ్లు తీసేశారు, నవంబరులో మేం తీసుకున్నాం. ఆఫీసులో నా పక్క సీటాయన వాట్‌ఫర్డ్ అభిమాని. మే నెలంతా నాతో మాట్లాడలేదు.

ఫైనల్ రోజు సంగతి చెప్పనా? ప్రత్యర్థి కోవెంట్రీ. వాళ్లు కూడా కొన్నేళ్ల కిందట లీగ్ టూలో ఉన్నవాళ్లే. మొదలైన కాసేపటికే కెప్టెన్ టామ్ లాకియర్ పక్కన ఎవరూ లేకుండానే మైదానంలో కుప్పకూలాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అలాంటిది చూశాక పదకొండుమంది మళ్లీ ఆట మీద మనసు పెట్టడం ఎలాగో నాకు అర్థం కాదు. జోర్డాన్ క్లార్క్ గోల్ కొట్టాడు, గుస్తావో హామర్ సమం చేశాడు. 1-1. పెనాల్టీలు 6-5. డాన్ పాట్స్ ఆరోది వేశాడు, ఫాంకాటీ డాబో బంతిని బార్ పైనుంచి కొట్టాడు. ఈ పాట్స్ కూడా వెస్ట్‌హామ్ వదిలేస్తే వచ్చినవాడే, 2015లో.

ఆ రోజు మేం వెంబ్లీలో లేం, టికెట్ దొరకలేదు. టౌన్‌లో స్క్రీన్ ముందు చూశాం. మా పక్కన ఉన్న ముసలాయన డాబో బంతి పైకి లేవగానే కింద కూర్చుండిపోయాడు. లేపితే లేవడు, ఒకటే ఏడుపు.

గచ్చిబౌలి_గోలీ:

ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే ఎంత డబ్బు వస్తుందండీ? ఎక్కడో చదివా, ప్రపంచంలోనే ఖరీదైన మ్యాచ్ అంటారట.

లెక్కల_రాయుడు:

ఆడిటింగ్ సంస్థ డెలాయిట్ వాళ్లు ఆ ఏడాది వేసిన అంచనా, తక్కువలో తక్కువ 17 కోట్ల పౌండ్లు, మూడు సీజన్ల మీద. చాలావరకు టీవీ డబ్బు, దిగిపోతే ఇచ్చే పారాచ్యూట్ చెల్లింపులు. అందులో ఆటగాళ్ల జీతాలకి వెళ్లేది వేరే కథ.

పాత_పేపర్:

కుర్రాళ్లారా, నేను కొంచెం వెనక్కి తీసుకెళ్తా. మాస్టారు రాసిన ‘మొదటి ఆటగాడు’ అనే మాట ప్రీమియర్ లీగ్ వరకే చెల్లుతుంది. ప్రీమియర్ లీగ్ 1992లో పుట్టింది. అంతకుముందే వింబుల్డన్ 1977లో నాన్-లీగ్ నుంచి ఎన్నికై వచ్చి, 1986కల్లా అప్పటి అన్నిటికన్నా పై అంచె అయిన మొదటి డివిజన్‌కి చేరింది. తొమ్మిదేళ్లు! అలాన్ కార్క్ 1978లో వాళ్లతో చేరి నాలుగు డివిజన్లలోనూ గోల్స్ కొట్టాడు. 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించిన జట్టులోనూ ఉన్నాడు. అయితే అతను ఫార్వర్డ్, చేరింది కూడా లీగ్‌లోకి వచ్చాకే. కాబట్టి ఎంపాంజు రికార్డుకి ఢోకా లేదు.

కానీ కింది లీగ్‌ల మిడ్‌ఫీల్డర్ అంటే నాకు గుర్తొచ్చేది గ్రాహమ్ అలెగ్జాండర్. స్కంథార్ప్‌లో మొదలుపెట్టి, 1995 నుంచి 1999 దాకా ఇదే లూటన్‌లో ఆడి, తర్వాత ప్రెస్టన్, బర్న్‌లీ. చాలాకాలం రైట్‌బ్యాక్, వయసు మీదపడ్డాక బర్న్‌లీలో మిడ్‌ఫీల్డ్. ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ 2009 ఆగస్టులో, స్టోక్ మీద. అప్పుడు వయసు 37! మామూలుగా ఆ వయసుకి కోచింగ్ సర్టిఫికెట్లు చదువుకుంటూ ఉంటారు. మొత్తం వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. 2012 ఏప్రిల్‌లో ప్రెస్టన్ తరఫున ఆఖరి మ్యాచ్, చార్ల్‌టన్ మీద. సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఇంజురీ టైమ్‌లో ఫ్రీకిక్ నేరుగా గోల్‌లోకి కొట్టి 2-2 చేశాడు.

ఇంకా వెనక్కి పోతే టోనీ ఫోర్డ్. 1975లో గ్రిమ్స్‌బీలో మొదలై 2001లో రోచ్‌డేల్‌లో ఆగాడు. లీగ్ మ్యాచ్‌లే 931. గోల్‌కీపర్ పీటర్ షిల్టన్‌ని పక్కన పెడితే ఇంతకన్నా ఎక్కువ ఆడినవాడు లేడు. అప్పారావు గారు అడిగినట్టు ‘ఎవరు కొన్నారు’ అని చూస్తే ఇలాంటి కెరీర్లు ఒక్కటీ లెక్కలోకి రావు.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

పాత పేపర్ గారూ, అలెగ్జాండర్‌ని ఒప్పుకున్నా. నాలుగు క్లబ్‌లు తిరిగి, ప్రతిచోటా కొత్తగా నిరూపించుకున్నాడు కాబట్టి ఇంకా ఎక్కువ ఒప్పుకుంటా. అదే నా పాయింట్. ఒకే చోట ఉంటే అభిమానుల ప్రేమ కూడా ఒక రక్షణ. పెల్లీని తీసేస్తే గోల చేస్తారని మేనేజర్‌కి తెలుసు.

డైమండ్ వివరణ మాత్రం బాగుంది, మాస్టారూ. జస్టిన్ అమ్మకంలో అతనికి వాటా ఉందన్నంత వరకు సరే.

మరి ఎలియట్ లీ సంగతో? వెస్ట్‌హామ్‌లో పెరిగి, లూటన్‌తో 2018, 2019 ప్రమోషన్లు చూసి, తర్వాత నేషనల్ లీగ్‌లో ఉన్న రెక్సామ్‌కి దిగాడు. 2023, 2024, 2025, వరసగా మూడు ప్రమోషన్లు. అతన్ని గురించి రెక్సామ్ మీద తీసిన డాక్యుమెంటరీలో చూపిస్తారు కాబట్టి అందరికీ తెలుసు.

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:

రెక్సామ్ యజమానులు హాలీవుడ్ నటులు, ఆ డబ్బు ఉంది, లీగ్‌లో మిగతావాళ్లకి లేని జీతాలు ఇచ్చారు. ఎలియట్ లీ మంచి ఆటగాడే, డైమండ్‌లో ముందు చివర ఆడేవాడు. కానీ అభిమానుల ప్రేమ వల్ల జట్టులో ఉంచారన్న మాట నేనొప్పుకోను. రెలిగేషన్ భయంలో ఉన్న మేనేజర్‌కి అభిమానుల ప్రేమకన్నా తన ఉద్యోగం ముఖ్యం. జోన్స్, హార్‌ఫర్డ్, గ్రేమ్ జోన్స్, మళ్లీ జోన్స్, ఎడ్వర్డ్స్, వీళ్లందరూ ఒకే రకంగా మొహమాటపడ్డారంటారా?

ప్రీమియర్ లీగ్‌లో బెంచీ మీదకి జరిగాడన్నది నిజం. అక్కడ బంతి పోగొట్టుకుంటే రెండు పాసుల్లో గోల్. అతని మొదటి టచ్ ఆ స్థాయిది కాదు. ఆ మాట అనడానికి నాకేం ఇబ్బంది లేదు.

విశాఖ_వింగర్:

అదే సీజన్‌లో ల్యూక్ బెర్రీ కూడా ఉన్నాడు కదా. లీగ్ టూలో ఉండగా 2017లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చినవాడు. 2024 మార్చిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద 1-1 చేసిన గోల్ అతనిదే. నాకు ఆ గోల్ చూసినప్పుడు వచ్చిన ఆనందం, మా వాళ్లు ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు కూడా రాలేదు. మా వాళ్లు ఎవరని అడగకండి, గొడవవుతుంది.

ఒక్క బాధ. మన దగ్గర ఇలాంటి కెరీర్ సాధ్యమా? మన పై లీగ్ ఐఎస్ఎల్ నుంచి ఏళ్ల తరబడి దిగడమే లేదు, దాని కింది ఐ-లీగ్ ఛాంపియన్‌గా పంజాబ్ 2023లోనే మొదటిసారి ఎక్కింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో గోవాలో కేరళని పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చింది. తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్లు వెళ్లిపోవడం, చివరికి ఆ లైసెన్స్ ఢిల్లీకి పోయింది. లూటన్ వాళ్లు ఐదో అంచెకి పడ్డారు సరే, పడటానికి ఒక అంచె అంటూ ఉంది. మనోళ్లకి అదీ లేకపోయింది.

గచ్చిబౌలి_గోలీ:

అయ్యో, దాని జోలికి వెళ్లకండి అన్నా. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని అరిచినవాణ్ని. ఆ జెర్సీ ఇంకా బీరువాలో ఉంది.

ఇంతకీ పెల్లీ ఇప్పుడెక్కడున్నాడు?

లూటన్‌లో_తెలుగోడు:

2024లో 26 పాయింట్లతో 18వ స్థానం, దిగాం. సరే, ఏడాదిలో తిరిగొస్తాం అనుకున్నాం. 2025 జనవరిలో ఎడ్వర్డ్స్ వెళ్లిపోయాడు, మాట్ బ్లూమ్‌ఫీల్డ్ వచ్చాడు. ఆఖరి రోజు వెస్ట్‌బ్రామ్ దగ్గర 5-3తో ఓడి మళ్లీ దిగాం, లీగ్ వన్‌కి. వరసగా రెండేళ్లు రెండు అంచెలు. ఇక్కడి పెద్దవాళ్లకి 2007 గుర్తొచ్చి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఆ వేసవిలోనే పెల్లీ క్లబ్ వదిలాడు. 2025లో, అప్పటికి లీగ్ టూలో ఉన్న కేంబ్రిడ్జ్ యునైటెడ్‌లో చేరాడు. 2014లో లూటన్ 101 పాయింట్లతో కాన్ఫరెన్స్ గెలిచినప్పుడు రెండో స్థానంలో ఉన్నది ఆ కేంబ్రిడ్జే, ప్లే-ఆఫ్ గెలిచి మాతో పాటే ఎక్కారు.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

31 ఏళ్లకి లీగ్ టూ. అంటే ఇంకో నాలుగైదేళ్లు ఆడతాడు. కేంబ్రిడ్జ్‌ని కూడా ఎక్కిస్తే అప్పుడు మాస్టారికి బిర్యానీ నా ఖర్చు.

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

గచ్చిబౌలి_గోలీ:

లీగ్ టూ మ్యాచ్‌లు ఎన్ని గంటలకి వస్తాయి మనకి? ఈ శనివారం ఒకటి చూద్దామనుకుంటున్నా.

లెక్కల_రాయుడు:

ఎక్కువగా శనివారం అక్కడి మధ్యాహ్నం 3 గంటలకి. మనకి వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. తమాషా ఏంటంటే శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ లైవ్ టీవీలో చూపించకూడదని నియమం, జనం స్టేడియంకి రావడం మానేస్తారని. కాబట్టి మన తెలుగోడు అక్కడే ఉండి కూడా ఆ మ్యాచ్ ఇంట్లో కూర్చుని చూడలేడు.

లూటన్‌లో_తెలుగోడు:

ఇంట్లో కూర్చుని చూడను, వెళ్తా. కేంబ్రిడ్జ్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. గోలీ, వీసా వచ్చినప్పుడు చెప్పు, ఓక్ రోడ్ గేటు కూడా చూపిస్తా. కొత్త స్టేడియం కట్టేలోపు రా, అప్పుడు దాన్ని కూల్చేస్తారు.